వాడి డబ్బు

పోయిన శనివారం సాయంత్రం స్లౌ నుంచి ఓ మిత్రుడు ఫోన్ చేశాడు. వరంగల్ కుర్రాడు. నాకంటే పదేళ్ళు చిన్న. నాలాగే కంప్యూటర్లని నమ్ముకుని బతికేవాడు. వాళ్ళ పాపకు నాలుగేళ్ళు. ఆటిజం అని రాసిన కాగితం ఆ వారమే చేతికొచ్చింది. మావాడి సంగతి తెలుసు కనక నాకు చేశాడు. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివర్లో, "డి.ఎల్.ఏ.కి అప్లై చేశావా? మీకు ఐ.ఎల్.ఆర్. వచ్చేసిందిగా" అన్నాను.

కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "వద్దన్నా. సర్కారు పైసలు మనకెందుకు? దేవుని దయతోని మంచిగనే సంపాయిస్తున్నం గదా. రేపు ఎవరికన్న తెలిస్తే బాగుండదు."

నాకు కోపం వచ్చింది. ఎందుకంటే అవి ఒకప్పుడు నేనన్న మాటలే. యాస ఒక్కటే తేడా. ఫోన్లో అతనికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను. అతని కోసమూ, అతనిలాంటి ఇంకా చాలామంది కోసమూ.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. 2016లో మాకు ఐ.ఎల్.ఆర్. వచ్చింది. అదే ఏడాది మా చిన్నవాడికి ఆటిజం అని తేల్చారు. అప్పటికి వాడికి నాలుగేళ్ళు. మాటలు రాలేదు. రాత్రి రెండింటికి లేచి తెల్లారేదాకా ఇల్లంతా తిరిగేవాడు. తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరిగెత్తకుండా వీధి తలుపుకి పైన, వాడికి అందనంత ఎత్తున, ఇంకో గొళ్ళెం బిగించాం. వాణ్ణి చూస్తున్న స్పీచ్ థెరపిస్టు ఒకావిడ, "డిజేబిలిటీ లివింగ్ అలవెన్స్ ఫారం తెప్పించుకోండి" అని చెప్పింది. తెప్పించాను. దాదాపు నలభై పేజీలుంది. తిరగేసి చూసి సొరుగులో పడేశాను. పద్నాలుగు నెలలు అది ఆ సొరుగులోనే ఉంది.

పైకి చెప్పిన కారణాలు చాలానే ఉన్నాయి. ఆఫీసులో ప్రాజెక్టు గడువు. వాడు బాగుపడతాడు, ఈలోగా ఈ ముద్ర ఎందుకు. ఇది లేనివాళ్ళకు ఇచ్చేది, మనం తీసుకుంటే పాపం. ఇవన్నీ మా ఆవిడకు చెప్పేవాణ్ణి. అసలు కారణం ఒక్కటే: పరువు. మా నాన్నగారు బడిపంతులు. ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికానని చెప్పుకునే మనిషి. ఆయన కొడుకు ఎం.ఎస్. చదివి, ఇంగ్లండు వచ్చి, ఇక్కడి గవర్నమెంటు ముందు చెయ్యి చాపుతాడా?

ఆ పరువు ఖరీదెంతో తర్వాత లెక్కేశాను. లెక్కలు వెయ్యడం మన వృత్తే కదా. మావాడికి చివరికి మధ్య స్థాయి కేర్ అలవెన్స్ ఇచ్చారు. అప్పట్లో అది వారానికి 55 పౌండ్లు. పద్నాలుగు నెలలంటే అరవై వారాలు. 3,300 పౌండ్లు. పోనీ ఆలస్యంగానైనా వచ్చిందా అంటే, రాలేదు. డి.ఎల్.ఏ.కి వెనకటి తేదీ నుంచి లెక్కగట్టి ఇవ్వడం అనేది లేదు. ఫారం కోసం ఫోన్ చేసిన రోజు వాళ్ళు తేదీ వేసుకుంటారు. ఆరు వారాల్లో నింపి పంపితే ఆ తేదీ నుంచి ఇస్తారు. దాటిపోతే ఫారం వాళ్ళకు చేరిన రోజు నుంచే. పోయిన వారం పోయినట్టే.

ఇక్కడే నా మిత్రుడికి చెప్పాల్సిన అసలు మాట ఉంది. ఆ 3,300 పౌండ్లు నేను వదులుకోలేదు. వాడివి నేను పోగొట్టాను. చట్టం ప్రకారం డి.ఎల్.ఏ. అడిగేది పిల్లవాడు. తల్లో తండ్రో వాడి తరఫున సంతకం పెట్టే మనిషి మాత్రమే. అపాయింటీ అంటారు. మన భాషలో చెప్పాలంటే ధర్మకర్త. దేవుడి మాన్యం మీద వచ్చే శిస్తు వసూలు చెయ్యడానికి ధర్మకర్తకు నామోషీ అనిపించి ఊరుకున్నాడనుకోండి, ఊరు ఊరుకుంటుందా? "నీ నామోషీ నీ ఇంట్లో పెట్టుకో, దేవుడి సొమ్ము వదిలెయ్యడానికి నువ్వెవరు?" అని నలుగురిలో నిలబెట్టి అడగదూ? నన్ను అలా అడిగినవాళ్ళు లేరు. మావాడు అడగలేడు. వాడికి మాటలు రావు.

"సరే, కానీ మనలాంటి సంపాదనపరులకు ఎందుకు?" అనేది రెండో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ పథకం కట్టుబడిలోనే ఉంది. వికలాంగులకు కావలసిన సాయాన్ని బట్టి డబ్బివ్వడం ఈ దేశంలో 1971లో అటెండెన్స్ అలవెన్స్‌తో మొదలైంది. 1976లో రాకపోకల కోసం మొబిలిటీ అలవెన్స్ వచ్చింది. 1992లో పదహారు నుంచి అరవై నాలుగేళ్ళ దాకా ఉన్నవాళ్ళతో పాటు పిల్లలకు కూడా కలిపి డి.ఎల్.ఏ. తెచ్చారు. పెద్దవాళ్ళకు 2013 నుంచి దాని స్థానంలో పిప్ వచ్చింది. ఇంగ్లండు, వేల్స్‌లలో పదహారు లోపు పిల్లలకు డి.ఎల్.ఏ.నే. స్కాట్లండ్ 2021లో తన సొంత చైల్డ్ డిజేబిలిటీ పేమెంట్ పెట్టుకుంది. వీటిలో దేనికీ తల్లిదండ్రుల జీతం అడగరు. మీ అబ్బాయికి అదే వయసు పిల్లలకంటే బాగా ఎక్కువ సాయం కావాలా, మూడు నెలలుగా కావలసి వస్తోందా, ఇంకో ఆరు నెలలైనా కావలసి వస్తుందా, ఇదే అడుగుతారు.

అంటే ఇది పేదరికానికి ఇచ్చే డబ్బు కాదు, తేడాకు ఇచ్చే డబ్బు. మా పక్కింటాయనా నేనూ ఒకే జీతం తెచ్చుకుంటామనుకోండి. వాళ్ళబ్బాయి మూడేళ్ళకే డైపర్లు మానేశాడు. మావాడు ఎనిమిదేళ్ళకు మానేశాడు. వాళ్ళింట్లో వాషింగ్ మెషిన్ వారానికి మూడుసార్లు తిరిగితే మా ఇంట్లో రోజుకు రెండుసార్లు. వాళ్ళావిడ బడి వదిలే వేళకు పిల్లాణ్ణి క్లబ్బులో దింపి ఉద్యోగం చేసుకుంటుంది. మావాణ్ణి చేర్చుకునే క్లబ్బు లేక మా ఆవిడ టెస్టింగ్ ఉద్యోగం మానేసింది. మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద ఖర్చు ఏ బిల్లులోనూ కనపడదు. ఆమె తేవాల్సిన జీతం అది.

ప్రభుత్వమేదో ఉదారంగా దోచిపెడుతోందని కూడా అనుకోకండి. 2025-26లో డి.ఎల్.ఏ. కేర్ భాగం వారానికి 29.20, 73.90, 110.40 పౌండ్లు, అవసరాన్ని బట్టి. మధ్య స్థాయి గానీ పైస్థాయి గానీ వచ్చిన పిల్లల్ని వారానికి 35 గంటలు చూసుకునే వాళ్ళకు కేరర్స్ అలవెన్స్ అని ఉంది. అదే ఏడాదికి అది 83.30 పౌండ్లు. గంటకు 2.38 పౌండ్లు పడుతుంది. అదే ఏడాది ఈ దేశంలో ఇరవై ఒకటి దాటిన ఉద్యోగికి ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 12.21. పైగా ఆ ఏడాది పన్నులూ గట్రా పోను వారానికి 196 పౌండ్లు మించి సంపాదించిందంటే ఆ 83 కూడా మొత్తం పోయేది. తల్లి చాకిరీకి కట్టిన విలువ ఇది. దీన్ని పట్టుకుని ఎవరైనా "మీకేమండీ, గవర్నమెంటు ఇస్తోందిగా" అంటే వాళ్ళతో వాదించను. ఒక్క రాత్రి మా ఇంట్లో మేలుకుని ఉండమంటాను.

ఈ డబ్బు పుట్టుక కూడా జాలి నుంచి కాదు. 1958 నుంచి 1961 దాకా థాలిడోమైడ్ అనే మందును ఇక్కడ డిస్టిలర్స్ అనే కంపెనీ అమ్మింది. గర్భిణులు వాడితే చేతులూ కాళ్ళూ సరిగా ఏర్పడని పిల్లలు పుట్టారు. ఆ తల్లిదండ్రులు పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. 1972లో హెరాల్డ్ ఎవన్స్ సంపాదకుడిగా ఉన్న సండే టైమ్స్ పత్రిక వాళ్ళ పక్షాన ఉద్యమం నడిపింది. ఆ వేడికి హీత్ ప్రభుత్వం ఆ ఏడాది నవంబరులో 30 లక్షల పౌండ్లు ప్రకటించింది. అది థాలిడోమైడ్ పిల్లలకు మాత్రమే కాదు, పుట్టుకతో తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలందరికీ. దాంతో 1973లో యార్క్ నగరంలో ఫ్యామిలీ ఫండ్ మొదలైంది. వాషింగ్ మెషిన్లు, పరుపులు, ఎక్కడికైనా నాలుగు రోజులు వెళ్ళిరావడానికి ఖర్చులు, ఇలాంటివాటికి అది ఇప్పటికీ గ్రాంట్లు ఇస్తోంది. ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ళకు మాత్రమే. ఎవరో అడగబట్టి, గొడవ చెయ్యబట్టి, పరువు పక్కన పెట్టబట్టి వచ్చింది ఇదంతా. వాళ్ళు పోట్లాడి పెట్టిన అన్నం ముందు కూర్చుని మనం మొహమాటపడుతున్నాం.

ఇక ఆ ఫారం సంగతి. పద్నాలుగు నెలల తర్వాత ఓ ఆదివారం దాన్ని బయటికి తీసి నేనే నింపాను. "కొద్దిగా సాయం చేస్తే తింటాడు." "అప్పుడప్పుడు రాత్రిళ్ళు లేస్తాడు." "చాలా ప్రేమగల పిల్లవాడు." మా ఆవిడ చదివి, పెన్ను తీసుకుని ఒక్కో వాక్యం కొట్టేసింది. "ఇది పెళ్ళిసంబంధానికి పంపే బయోడేటా కాదు" అంది. వారం రోజులు ఓ నోటుపుస్తకం పెట్టి రాసింది. ఏ రాత్రి ఎన్ని గంటలకు లేచాడు, ఎంతసేపు ఇద్దరిలో ఒకరు మేలుకున్నారు, ముద్ద నోట్లో పెట్టడానికి ఎన్నిసార్లు చెప్పాలి, రోడ్డు మీద చెయ్యి వదిలితే ఏం చేశాడు. దాన్ని చూసి ఫారం మళ్ళీ నింపాం. బిడ్డకు ఏం చేతకాదో నలభై పేజీలు రాయడం ఏ తల్లికీ తేలిక కాదు. నేను వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఆమె రాసింది. అంత నిజం నేను అంతకు ముందు మావాడి గురించి చదవలేదు.

ఈ సిగ్గు ఊరి నుంచి తెచ్చుకున్నదేమో అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. కాదు. తెనాలి దగ్గర మా పెద్దమ్మ మనవరాలు ఉంది. సెరిబ్రల్ పాల్సీ. సదరం సర్టిఫికెట్ కోసం మా పెద్దమ్మ ఆ పిల్లను ఎత్తుకుని క్యాంపు చుట్టూ తిరిగింది. ఒకటో తారీఖు వస్తే "మా బంగారుతల్లి పింఛనొచ్చింది" అని వీధిలోకి వినపడేలా చెబుతుంది. ఆలస్యమైతే అడుగుతుంది, కోప్పడుతుంది. ఆమె రెండో తరగతితో చదువు మానేసిన మనిషి. అది మనవరాలి డబ్బని ఆమెకు తెలుసు. ఆమెకు లేని సిగ్గు నాకెక్కడిది? కులాసాగా బతుకుతున్నాం అని లోకానికి చూపించుకోవాలన్న యావ నుంచి వచ్చింది. అటు వదిన ఫోన్ చేస్తే "అంతా బాగున్నాం" అనాలి. ఇటు ఉగాది సంబరాల్లో పులిహోర ప్లేటు పట్టుకుని నలుగురిలో నవ్వాలి. మావాణ్ణి అలాంటి చోట్లకు తీసుకెళ్ళడం రెండేళ్ళు మానేశాం. వాడికి చప్పుడు పడదని చెప్పేవాళ్ళం. అది సగం నిజం.

పింఛను సంగతి ఎత్తాను కనక అక్కడి మాట కూడా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్ళకు 15,000 చేశారు. తెలంగాణలో 2023లో 4,016 అయింది. మంచిదే. కానీ అక్కడ పిల్ల అవసరం కంటే ముందు ఇంటి లెక్క చూస్తారు. 2019లో ఆంధ్రలో పింఛన్లకు పెట్టిన అర్హతల్లో ఇంట్లో సొంత కారు ఉండకూడదనీ, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటకూడదనీ ఉంది. ఊపిరి మిషను మీద బతికే పిల్ల ఉన్న ఇంట్లో కరెంటు ఎక్కువే కాలుతుంది. నడవలేని పిల్లను ఆస్పత్రికి తిప్పే ఇంట్లో పాత కారైనా ఒకటి కొంటారు. వైకల్యం పెట్టించిన ఖర్చునే చూపించి, నీకు స్తోమత ఉంది పో అనడం ఏం న్యాయం? ఇవ్వడానికి బడ్జెట్ లేదంటే అర్థం చేసుకుంటాను. మీటరు రీడింగు చూసి పిల్ల కాళ్ళ సంగతి తేల్చడం అర్థం కాదు.

ఇక్కడి ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చిన మనవాళ్ళకు నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్ అనే షరతు ఉంటుంది. ఆ జాబితాలో డి.ఎల్.ఏ. ఉంది, కేరర్స్ అలవెన్స్ ఉంది. తండ్రి మొదటి నెల నుంచీ ఇన్‌కమ్ టాక్సూ నేషనల్ ఇన్సూరెన్సూ కడతాడు. అవి కాక వీసా తీసుకునేటప్పుడే హెల్త్ సర్‌ఛార్జ్. 2024 ఫిబ్రవరి నుంచి అది పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. నాలుగేళ్ళ పాప తలకు కూడా లెక్కగట్టి 776 తీసుకుంటారు. కట్టించుకునేటప్పుడు ఆ పాప ఒక మనిషి. ఇవ్వాల్సి వచ్చేసరికి తండ్రి వీసాకు తోక. ఒకే క్లాసులో, ఒకే బల్ల దగ్గర, ఒకే ఇబ్బంది ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. ఏళ్ళ తరబడి ఐదేళ్ళుగా ఉన్న ఐ.ఎల్.ఆర్. గడువును పదేళ్ళు చెయ్యాలని 2025 మే నెలలో వచ్చిన శ్వేతపత్రం ప్రతిపాదించింది. ఆ లెక్కన నాలుగేళ్ళ పాపకు పద్నాలుగేళ్ళు వస్తాయి. మాటలు నేర్పించాల్సిన వయసంతా షరతు కిందే గడిచిపోతుంది.

వీసా మీద ఉన్న మిత్రులకు ఒక హెచ్చరిక. ఈ ఆవేశం చదివి అప్లై చెయ్యకండి. షరతు ఉల్లంఘించినట్టవుతుంది, వీసాకే ముప్పు. అనుమానముంటే తెలిసిన ఇమిగ్రేషన్ సలహాదారుని అడగండి. కానీ అన్నీ ఆ జాబితాలో లేవు. బడిలో ప్రత్యేక సాయం, ఇంగ్లండులో ఇ.హెచ్.సి. ప్లాన్, ఎన్.హెచ్.ఎస్. థెరపీ అందులో లేవు. 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ 17వ సెక్షన్ కింద కౌన్సిల్ చేసే అంచనా, దాని మీద వచ్చే సాయం కూడా లేవు. వాటిని అడగండి. నోరు తెరిచి, కాగితం రాసి, రెండోసారీ మూడోసారీ అడగండి.

తండ్రి వీసా చూసి బిడ్డకు లేదనే ప్రభుత్వం మీద మనం కోప్పడతాం. కరెంటు బిల్లు చూసి లేదనే ప్రభుత్వం మీదా కోప్పడతాం. కోప్పడాలి, ఊరుకోకూడదు. కానీ వాళ్ళను అడిగే ముందు మనమొకటి ఆలోచించుకోవాలి. తన పరువు చూసుకుని బిడ్డకు వద్దనే తండ్రి చేసేది కూడా అదే పని కాదా? ముగ్గురూ బిడ్డను వదిలేసి తండ్రినే చూస్తున్నారు. ఆ ముగ్గురిలో రేపు పొద్దున్నే మనసు మార్చుకోగలిగినవాడు తండ్రి ఒక్కడే.

ముద్ర భయం ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. ఆ ఉత్తరం మీ ఇంటికి వస్తుంది, తెలుగు సంఘం నోటీసు బోర్డు మీదికి రాదు. ముద్ర పడుతుందని మీరు భయపడుతున్న పిల్ల ఆ ఇబ్బందితో పొద్దున లేచింది మొదలు కుస్తీ పడుతూనే ఉంది. ఫారం నింపకపోతే ఆమె ఇబ్బంది పోదు. దాంతో ఒంటరిగా కుస్తీ పడాల్సి వస్తుంది, అంతే.

మావాడికి ఇప్పుడు పదమూడు దాటాయి. మాటలు కొన్ని వచ్చాయి. "నీళ్ళు", "వద్దు", "అమ్మ", "కారు". టాబ్లెట్లో బొమ్మలు నొక్కి మిగతావి చెబుతాడు. ఆ టాబ్లెట్ వాడి డబ్బుతో కొన్నదే. ఇంకో రెండు మూడేళ్ళలో వాడికి పదహారు వస్తాయి. పిప్‌కి మళ్ళీ మొదటి నుంచి కాగితాలు మొదలవుతాయి. ఈసారి సొరుగు జోలికి పోను.

తమ్ముడూ, ఇది చదువుతున్నావని తెలుసు. ఫారం వచ్చాక ఇద్దరం కూర్చుని నింపుదాం, నేను స్లౌ వస్తాను. మీ ఆవిణ్ణి మాత్రం ఈ రాత్రి నుంచే ఓ నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టమను. సోమవారం పొద్దున ఆఫీసు కాల్ కంటే ముందు వాళ్ళకు ఫోన్ చెయ్యి. నువ్వు చేసిన రోజే వాళ్ళు తేదీ వేసుకుంటారు.